‘రోజు’ అను మాటలోని అచ్చు

పంజాగుట్ట కూడలిలో రెండు నిమిషములు నిలిచి చెవి యొగ్గినచో ‘రోజు’ అను మాట వినబడక పోదు. పూలంగడి ముందర బేరమాడు ఇల్లాలు, ఆటో నడుపు యువకుడు, బడి విడిచిన పిల్లలు, అందరి నోటను నానునది ఆ మాటయే. ఇది పారసీకము నుండి మనకు వచ్చినది. మనము దానికి చివర ఉకారము చేర్చి తెలుగు చేసికొన్నాము. నడుమనున్న ఓకారమును మాత్రము వచ్చినది వచ్చినట్లు నిలుపుకొన్నాము. అయితే ఇదే మాటను నేడు ఇరాను దేశీయులు ‘రూజ్’ అని ఊకారముతో పలుకుదురు. తాజికిస్థానములోను, సమర్ఖండు బుఖారా ప్రాంతములలోను ఉన్న తాజికులు పలుకునపుడు అందులో వినబడునది ఓకారమును కాదు, ఊకారమును కాదు. అది మూడవది. దానిని వ్రాయుటకు మన వర్ణమాలలో అక్షరము లేదు. ధ్వనిశాస్త్రజ్ఞులు దానిని పెదవులు గుండ్రముగా చేసి నాలుకను నోటి నడిమికి తెచ్చి పలుకు అచ్చు అందురు. మేము ఈ వ్యాసమున దానిని ‘నడిమి గుండ్రని అచ్చు’ అని పిలిచెదము.

ఈ అచ్చు ఎట్టిదో పాఠకులు ఇంటిలో కూర్చుండియే పరీక్షించి చూచుకొనవచ్చును. మొదట ‘ఈ’ అని దీర్ఘముగా పలుకవలెను. నాలుక ముందు భాగము దవుడల నడుమ పైకి లేచి యుండును, పెదవులు పక్కలకు సాగి యుండును. తరువాత ‘ఊ’ అని పలుకవలెను. నాలుక వెనుకకు పోవును, పెదవులు గుండ్రముగా ముడుచుకొనును. ఇప్పుడు పెదవులను ఊకారమునకు ఉంచినట్లే ఉంచి, నాలుకను మాత్రము ఈకారము వైపునకు సగము దూరము జరుపవలెను. వెలువడు ధ్వని మొదట వింతగా తోచును. అదియే ఎత్తున పలుకు నడిమి గుండ్రని అచ్చు. నాలుకను కొంచెము దించినచో తాజికుల ‘రోజు’లోని అచ్చు వచ్చును. మొదటిది ఊకారమునకు చుట్టము, రెండవది ఓకారమునకు చుట్టము.

మన ప్రాచీన శిక్షాకారులు వర్ణముల జన్మస్థానములను అతి సూక్ష్మముగా విభజించిరి. ఇకారము తాలవ్యమనియు, ఉకారము ఓష్ఠ్యమనియు చెప్పిరి. ఇందొక విశేషము కలదు. ఉకారమును పెదవులను బట్టి గుర్తించిరి గాని అప్పుడు నాలుక ఎక్కడ నుండవలెనో ఆ పేరు చెప్పదు. సంస్కృతమునకు అంతకంటె అవసరము లేదు. పెదవులు ముడుచుకొను అచ్చులలో నాలుక ముందునుండునది వేరు, వెనుకనుండునది వేరు అను భేదము ఆ భాషలో లేదు. ఆ భేదమును పాటించు భాషలను వర్ణింప బూనినపుడే నాలుకను, పెదవులను విడివిడిగా లెక్కింపవలసి వచ్చినది. 1867లో అలెగ్జాండర్ మెల్విల్ బెల్ అను ఆచార్యుడు ‘దృశ్యవాక్కు’ అను అర్థము వచ్చు పేరుతో ఒక గ్రంథమును ప్రకటించి, అచ్చులను ముందటివి, వెనుకటివి, మిశ్రమములు అని మూడు తెగలు చేసెను. ప్రతి తెగలోను పెదవులు గుండ్రమైనవి వేరు, కానివి వేరు. ఆ మిశ్రమములే నేటి నడిమి అచ్చులు. టెలిఫోనును కనిపెట్టిన గ్రాహంబెల్ ఈయన కుమారుడే. 1886లో పారిసు నగరమున స్థాపితమైన అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర పరిషత్తు వారి లిపిలో నేడు ఈ రెండు అచ్చులకును గుర్తులు కలవు. ఆంగ్ల ‘యు’ అక్షరమునకు అడ్డగీత గీసినచో ఎత్తుది. ‘ఓ’ అక్షరమునకు అడ్డగీత గీసినచో దానికి దిగువది.

చెవి ఈ భేదమును ఎట్లు గ్రహించుచున్నది? గొంతులో పుట్టిన నాదము నోటిలోని ఖాళీలో ప్రతిధ్వనించి కొన్ని కంపనముల చోట బలపడును. ఆ బలపడిన చోటులలో రెండవది నాలుక ముందు వెనుకలను తెలియజేయును. 1952లో అమెరికాలో పీటర్సన్, బార్నే అను ఇరువురు 76 మంది కంఠములను కొలిచి చూచిరి. పురుషులలో ఈకారమునకు ఆ రెండవ చోటు సగటున సెకనుకు 2290 కంపనములు, ఊకారమునకు 870. నడిమి గుండ్రని అచ్చు ఈ రెంటికిని మధ్య నెక్కడనో పడును. ఈ కొలతలన్నియు సామాన్యమైన రేడియో పెట్టె చక్కగా అందీయగలిగిన పరిధిలోనివే. కావున దూరదేశపు ప్రసారమును వినుచు ఈ అచ్చును గుర్తించుట ఎవరికైనను సాధ్యము.

ఇక ‘రోజు’ వద్దకు వచ్చెదము. హైదరాబాదునకు పారసీకము పొరుగింటి చుట్టము కాదు, ఇంటి మనిషి. గోలకొండ రాజ్యమును స్థాపించిన కులీ కుతుబ్ షా ఇరానులోని హమదాను ప్రాంతము నుండి వచ్చినవాడు. అసఫ్‌జాహీ వంశమునకు మూలపురుషుడగు నిజాముల్ముల్కు తాత ఖ్వాజా ఆబిదు సమర్ఖండు వైపు నుండి వచ్చి, ఔరంగజేబు కొలువులో చేరి, 1687లో గోలకొండ ముట్టడిలో మరణించెను. నిజాము రాజ్యమున 1884 ప్రాంతము వరకు దొరతనపు భాష పారసీకమే. పిమ్మట ఆ స్థానము ఉర్దూకు వచ్చినది.

మనము నిలిచియున్న పేటల పేర్లే దీనికి సాక్ష్యము. అమీర్‌పేటలో ‘అమీరు’ అరబ్బీ, ‘పేట’ మనది. పైగా ప్రభువుల ‘అమీరె కబీర్’ అను బిరుదు నుండి ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. పంజాగుట్టలో ‘పంజా’ పారసీకము, అనగా ఐదు వ్రేళ్లుగల అరచేయి, ‘గుట్ట’ తెలుగు. ఆ గుట్టపై పవిత్రమైన యొక అరచేతి గుర్తు ఉండెడిదని స్థానికుల నమ్మిక. ఆ దాపుననే యున్న ఎర్రమంజిలు కథ మరియు చిత్రమైనది. దాదాపు 1870లో ఫఖ్రుల్ముల్కు నవాబు అక్కడ మేడ కట్టించెను. ఆ మిట్టను తెలుగువారు ‘ఎర్రగడ్డ’ యనెడివారనియు, నవాబు ఆ పలుకుబడికి దగ్గరగా నుండునట్లు స్వర్గోద్యానమను అర్థముగల ‘ఇరమ్’ అను పారసీక పదమును ఎన్నుకొనెననియు చెప్పుదురు. ఒకే ధ్వనిలో తెలుగువానికి ఎరుపును, పారసీకునికి స్వర్గమును వినబడినవి. 2019లో ఆ మేడను కూల్చి శాసనసభా భవనము కట్టవలెనను ప్రభుత్వ నిర్ణయమును హైకోర్టు కొట్టివేసినందున అది నేటికిని నిలిచియున్నది.

పూర్వపు పారసీకమున ఊకారము, ఓకారము రెండును వేరువేరు అచ్చులు. అట్లే ఈకారము, ఏకారము వేరు. కాని లిపి అరబ్బులది. అరబ్బీ భాషలో దీర్ఘములగు ఏకార ఓకారములు లేవు. అందువలన పారసీక వైయాకరణులు అరబ్బీకి తెలిసిన ఈ, ఊ లను ‘మారూఫ్’, అనగా తెలిసినవి, అనిరి. ఏ, ఓ లను ‘మజ్‌హూల్’, అనగా తెలియనివి, అనిరి. పారసీకుల పిల్లలు ఉగ్గుపాలతో నేర్చిన అచ్చులకు ‘తెలియనివి’ అను పేరు వచ్చుటను గమనింపవలెను. కొలబద్ద పరాయిదైనపుడు మన సొంత ధ్వని అజ్ఞాతమగును.

తరువాత ఆ ‘తెలియని’ ఓకారము మూడు ఇండ్లలో మూడు విధములుగా పెరిగినది. ఇరానులో అది ఊకారముతో కలిసిపోయినది. మన దేశమున పారసీకము చదివినవారు, వారి ద్వారా ఉర్దూ, ఉర్దూ ద్వారా తెలుగు, ఓకారమును ఓకారముగనే నిలుపుకొన్నవి. తాజికుల సాహిత్యభాషలో అది నాలుక నడిమికి జరిగి నడిమి గుండ్రని అచ్చు అయినది. మనము ‘రోజు’, ‘దోస్తు’, ‘జోరు’ అందుము. ఇరానువారు ‘రూజ్’, ‘దూస్త్’, ‘జూర్’ అందురు. తాజికులు ఆ మూడింటిని నడిమి అచ్చుతో పలికి, సిరిలిక్ లిపిలో ఉకారపు గుర్తుపై చిన్న గీతనుంచి వ్రాయుదురు. హైదరాబాదు వంటశాలలో ‘గోష్త్’ అనునది ఇరానులో ‘గూష్త్’. గోలకొండ గనుల సీమకు కీర్తి తెచ్చిన వజ్రమును మనము ‘కోహినూరు’ అందుము. ఇరానువాని నోట దాని మొదటి అక్షరము ‘కూ’. ‘కోహ్’ అనగా కొండ. అందులో మజ్‌హూలు ఓకారము, ‘నూర్’లో మారూఫు ఊకారము, రెండును పక్కపక్కనే యున్న ఆ ఒక్క మాటలో పాత భేదమంతయు మన నాలుకపై నేటికిని భద్రముగా నున్నది.

ఏకారమునకును ఇదే గతి. మనకు ‘షేర్’ సింహము, ‘షీర్’ పాలు. ఇరానులో రెండును ‘షీర్’. సందర్భమును బట్టి తెలిసికొనవలసినదే. అయినను ఇరాను నుండి వచ్చిన విద్వాంసుని పలుకుబడియే శుద్ధమనియు, దక్కనువారిది మొరటనియు భావించినవారు మన నగరమున లేకపోలేదు. చరిత్ర చూచినచో మొరటన్నదియే పాతది. దీనిని బట్టి పాతదంతయు శ్రేష్ఠమని మేము చెప్పబోము. ఇరానువారు మార్చుకొన్నది వారి భాష, వారి హక్కు. మేము చెప్పునది ఇంతే: మన ఓకారము తప్పు కాదు.

తాజికులలో ఈ మార్పు ఒంటరిగా జరుగలేదు. వారి భాషలో పాత దీర్ఘాకారము పెదవులు గుండ్రమై ఓకారమునకు దగ్గరగా జరిగినది. వారు తమ పేరునే ‘తోజిక్’ అన్నట్లు పలుకుదురు. పాత ఓకారము నడిమికి జరిగినది. పాత ఉకారపు హ్రస్వ దీర్ఘములు ఒకటిగా కలిసినవి. బండిలో ఒకరు జరిగి కూర్చుండినచో పక్కవారును జరుగవలసి వచ్చినట్లు, అచ్చులలో ఒకటి కదలినచో మిగిలినవియు చోటు సవరించుకొనును. ఆకారము వచ్చి చేరుచున్న చోటును విడిచినందువలననే ఓకారము దానితో కలియక తన అస్తిత్వమును కాపాడుకొన్నది.

నడిమి గుండ్రని అచ్చు తాజికుల సొత్తు మాత్రమే కాదు. నార్వే, స్వీడను దేశములలో ‘ఇల్లు’ అను అర్థముగల ‘హూస్’ అను మాటలోని అచ్చు ఈ జాతిదే. మంగోలియాలోని ఖల్ఖా భాషలో దీనికి ప్రత్యేకాక్షరమే కలదు. రష్యనులో రెండు మెత్తని హల్లుల నడుమ చిక్కిన ఉకారము తనంత తానే నడిమికి వచ్చును. అచ్చట అది వేరు అచ్చు కాదు, ఉకారమునకే ఒక నీడ. ఈ చివరి ఉదాహరణము ఒక కారణమును తెలుపుచున్నది. అక్కపక్కల హల్లులను పలుకుటకు నాలుక ముందుకు పోవలసి యుండ, నడుమనున్న అచ్చు తన చోటికి వెనుకకు వెళ్లి మరల ముందుకు వచ్చుటకు వ్యవధి చాలదు. సగము దారిలోనే ఆగిపోవును. అట్లు తరతరములుగా ఆగుచు వచ్చిన అచ్చు కొన్ని భాషలలో అక్కడనే కాపురము పెట్టును.

మన ద్రావిడ కుటుంబమున ఇట్టి కాపురములు నీలగిరి ప్రాంతమున కలవు. మూలద్రావిడమున హ్రస్వములైదు, దీర్ఘములైదు, మొత్తము పది అచ్చులు. తెలుగు ఆ పదింటిని నిలుపుకొన్నది. నీలగిరులలోని తోడా భాషలో మాత్రము ఎనిమిది హ్రస్వములు, ఎనిమిది దీర్ఘములు, మొత్తము పదునారు. ముర్రే ఎమెనో అను పండితుడు 1935 మొదలు మూడేండ్లు మన దేశమున నుండి తోడాల పాటలను, మాటలను వ్రాసికొనెను. ఆయన ‘తోడా పాటలు’ అను గ్రంథము 1971లో వెలువడినది. పెదవులు ముడిచి, నాలుకను వెనుకకు పోనీక పలుకు అచ్చులు ఆ భాషలో కలవు. ఆ కొండ చరియలలోని ఇరుళ భాషలోను నడిమి అచ్చులు కలవని కమిల్ జ్వెలెబిల్ 1973లో వివరించెను. ఈ భాషలలోని నడిమి అచ్చులకు ముఖ్యకారణము ళకార డకారముల వంటి మూర్ధన్య హల్లుల పొరుగు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1962లో భాషాశాస్త్రమునకు తొలి ఆచార్యులైన భద్రిరాజు కృష్ణమూర్తిగారు తమ ‘ద్రావిడ భాషలు’ అను ఆంగ్ల గ్రంథమున (2003) ఈ పరిణామములను కుటుంబమంతటితో పోల్చి చూపిరి. తోడాల జనసంఖ్య దాదాపు రెండు వేలు. అమీర్‌పేటలోని ఒక పెద్ద భవనములో ఒక్క ఉదయము ఎక్కి దిగువారు అంతకంటె ఎక్కువ యుందురేమో!

మరి తెలుగు ఏమి చేసినది? ఇకార ఉకారముల నడుమ చిక్కులు మనకును వచ్చినవి. కాని తెలుగు నడిమి చోట ఆగదు. ఏదో ఒక కొసకు పోవును. ‘మనిషి’ ఏకవచనము, ‘మనుషులు’ బహువచనము. ‘కత్తి’, ‘కత్తులు’. వెనుక వచ్చు ఉకారమును చూచి ముందున్న ఇకారము తానును ఉకారమగును. ‘హరికి’ అందుము, ‘గురువుకు’ అందుము. తోడాభాష సగము దారిలో నిలిచి క్రొత్త అచ్చును కనగా, తెలుగు పొరుగు అచ్చుతో పొత్తు కుదుర్చుకొని పాత పది అచ్చులతోనే సంసారము నడుపుకొన్నది. రెండును తెలివిగల మార్గములే.

ఇంతవరకు చెప్పినది పాండిత్య విషయమని తలంపవలదు. అమీర్‌పేటలో నేడు ఇది బ్రతుకు తెరువునకు సంబంధించిన సంగతి. 1990ల నుండి ఆ పేట శిక్షణాలయములకు నిలయమైనది. మైత్రీవనము చుట్టుపట్ల గోడలనిండ కంప్యూటరు పాఠముల ప్రకటనలు, వాటి నడుమ ఆంగ్ల సంభాషణ తరగతుల ప్రకటనలు. ఆదిత్య ఎన్‌క్లేవులో ఒక భాగమునకు నీలగిరి అనియే పేరు! జిల్లాలనుండి బస్సు దిగి, అద్దె గదిలో నలుగురితో కలిసి యుండి, తల్లిదండ్రులు అప్పు తెచ్చి పంపిన సొమ్ముతో ఆ మెట్లెక్కు బాలబాలికలు అనేకులు. అట్టివారికి కొన్ని తరగతులలో మొదట బోధింపబడునది తమ నాలుక దోషముల పట్టిక. ‘మాతృభాష ప్రభావము’ అని దానికి పేరు. తల్లి నేర్పిన పలుకు రోగలక్షణమైనట్లు ఆ మాట వాడబడుచున్నది.

ఊకారమునే పరీక్షించి చూతము. తెలుగు బిడ్డ ‘ఫూడ్’ అని ఆంగ్లపదమును పలుకునపుడు నాలుక పూర్తిగా వెనుకకు పోవును. ఇంగ్లండులో నూరేండ్ల క్రిందట విద్యావంతుల పలుకుబడియు దాదాపు ఇట్టిదే. కాని నేడు దక్షిణ ఇంగ్లండులోని యువతీయువకుల నోట ఆ అచ్చు నడిమికి, ఒక్కొక్కప్పుడు ముందుకే, జరిగినది. స్కాట్లండులోను, ఆస్ట్రేలియాలోను, న్యూజిలాండులోను నడిమి గుండ్రని అచ్చు సుప్రసిద్ధము. ఆస్ట్రేలియా నుండి క్రికెట్టు వ్యాఖ్యానము విన్న మన శ్రోతలకు వారి ‘టూ’ అను సంఖ్య ‘ట్యూ’ అన్నట్లు తోచుట అనుభవమే. మన చెవికి నడిమి చోటు తెలియదు గనుక దానిని యకార ఉకారములుగా విడదీసి వినుచున్నది.

ఈ మార్పు సామాన్యులకే పరిమితము కాదు. బ్రిటిషు రాజకుటుంబము వారు 1932 నుండి క్రిస్మసు దినమున రేడియోలో ప్రసంగించుట ఆచారము. రెండవ ఎలిజబెత్తు రాణి 1952 నుండి చేసిన ప్రసంగములు భద్రపరుపబడినవి. జొనాథన్ హారింగ్టన్, ఆయన సహచరులు 1950ల నాటి ప్రసంగములను 1980ల నాటి వానితో పోల్చి అచ్చులను కొలిచి, తమ ఫలితములను 2000లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిరి. రాణిగారి అచ్చులు ముప్పది యేండ్లలో తమ ప్రజలలోని దక్షిణ ప్రాంతపు పలుకుబడి వైపునకు కదలినవి. రాణి యొక్క ఆంగ్లమే నిలుకడగా లేనపుడు, ఏ యేటి రాణిని కొలబద్దగా తీసికొని అమీర్‌పేట బాలిక ఊకారమునకు మార్కులు వేయవలెను?

ఉచ్చారణ నేర్పుట అనవసరమని మా అభిప్రాయము కాదు. ఎదుటివారికి అర్థము కాని పలుకును సవరించుకొనవలసినదే. మాటలోని ఏ అక్షరముపై ఊనిక నుంచవలెనో తెలియక పోయినచో పదమే గుర్తుపట్టరానిదగును. మన నగరమున 1958లో స్థాపితమై నేడు ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయముగా నున్న సంస్థ పుట్టినదే ఆంగ్లబోధన మెరుగుపడుటకు. కాని అర్థమగుట ఒకటి, అనుకరించుట వేరొకటి. వెనుక పలికిన ఊకారమువలన ‘ఫూడ్’ అను మాట ఏ దేశస్థునికిని అర్థము కాకపోదు. అట్టి దానిని దోషమని చెప్పి, ఇరువదియేండ్ల బిడ్డను నోరు తెరచుటకే జంకునట్లు చేసినచో, నేర్పినదానికంటె పోగొట్టినది ఎక్కువ యగును. మారూఫ్, మజ్‌హూల్ అను పేర్లు పెట్టిన నాటి పొరపాటు మరల జరుగుచున్నది. అప్పుడు కొలబద్ద అరబ్బీ, ఇప్పుడు ఆంగ్లము.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి కలదు. మీ పిల్లలు అమీర్‌పేట తరగతినుండి తిరిగివచ్చి తమ పలుకు తప్పని చెప్పినచో, ఏ అచ్చు, ఎవరికి అర్థము కాలేదు అని అడుగుడు. అర్థము కానిది ఉన్నచో దిద్దుకొనుమని చెప్పుడు. లేనిచో రోజు, దోస్తు, జోరు అను మాటల కథ వారికి వినిపింపుడు. సాయంకాలము రేడియో మీట త్రిప్పి దూరదేశముల వార్తలను కలిసి వినుడు. తెహరాను పలుకును, దుషన్‌బే పలుకును, సిడ్నీ పలుకును విన్న చెవి తన ఇంటి పలుకును చిన్నచూపు చూడదు.